తినదగినదే పథ్యము

పథ్యము అనగానే ఇంటింటా గుర్తుకు వచ్చేది వద్దన్నవాటి పట్టిక. పులుపు వద్దు, వంకాయ వద్దు, పెరుగు వద్దు. బాలింతకు గాని, జ్వరపడి లేచినవానికి గాని పెద్దలు చెప్పే మాటలలో ఎక్కువగా వినవచ్చేది ఆ ఒక్క మాటయే. కాని పదము పుట్టుక చూచినచో అర్థము తలక్రిందులవుతుంది. పథమనగా త్రోవ. త్రోవకు అనుకూలమైనది, దేహానికి హితమైనది, తినదగినది పథ్యము. తినరానిదానికి వేరే పేరున్నది, అది అపథ్యము. వాడుకలో ఈ రెండును స్థానాలు మార్చుకొన్నవి. పెద్దల విషయములో దీనివలన వచ్చిన నష్టము స్వల్పమే. పది దినాలు నోరు కట్టుకొంటే పథ్యము తీరిపోతుంది. కాని నాలుగేండ్ల పసివానికి ఏండ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు జీవితాంతము పథ్యము పెట్టవలసి వచ్చినప్పుడు, ఆ పదాన్ని ఇంటివారు ఏ అర్థములో తీసుకొన్నారన్నదాని మీదనే వాని పెరుగుదలా, వాని మనసూ ఆధారపడి ఉంటవి.

ఆదిలాబాదు జిల్లా బోథ్ ప్రాంతములో అటువంటి ఇల్లొకటి ఉన్నదనుకొనవచ్చును. చుట్టూ గుట్టలు, నల్లరేగడి చేలు, పొచ్చెర జలపాతానికి పోయే దారి. అంగడి రోజున తెలుగుతోపాటు గోండీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు కలసి వినబడే సీమ అది. ఆ ఇంటి పిల్లవాడు పాలు త్రాగినంత కాలము బొద్దుగానే ఉన్నాడు. ఏడాది నిండి అన్ని తిండ్లూ తినసాగిన తరువాత మార్పు వచ్చినది. కడుపు ముందుకు వచ్చినది. కాళ్ళూ చేతులూ పుల్లలైనవి. తరచు విరేచనాలు, ఎత్తుకొన్నా ఏడుపు, దించినా ఏడుపు. పురుగులేమోనని మందు వేయించినారు. దిష్టి తీయించినారు. పిల్లవాడు చిక్కిపోతున్నాడని నాయనమ్మ బాలామృతము ఇంకొక గరిటె ఎక్కువ కలిపి తినిపించినది. అంగన్‌వాడీలలో 7 నెలల ప్రాయము నుండి 3 ఏండ్ల వరకు పిల్లలకు ఇచ్చే ఆ పొడిలో వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటవి. ఊరిలోని పిల్లలందరికీ బలము నిచ్చే ఆహారమది. ఈ ఒక్క పిల్లవానికి మాత్రము ప్రతి గరిటెలోను హాని ఉన్నది. చివరకు పట్నములో పరీక్షలు చేసిన వైద్యులు, వీనికి గోధుమ పడదనీ, బ్రతికినంత కాలము పడదనీ చెప్పినారు.

ఆ వ్యాధికి సీలియక్ వ్యాధి అని పేరు. గోధుమలోను, బార్లీలోను, చలి దేశాలలో పండే రై అనే ధాన్యములోను గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్నది. తడిసిన పిండికి సాగే గుణము నిచ్చేది అదే. పుట్టుకతో వచ్చిన ఒక తత్త్వము వలన కొందరి దేహము ఆ గ్లూటెన్‌ను శత్రువుగా భావించి, దానితో పోరాడుతూ తన ప్రేగునే గాయపరచుకొంటుంది. చిన్నప్రేగు లోపలి గోడమీద మఖమలు గుడ్డపై నూగువలె నిలిచి ఆహారసారాన్ని పీల్చుకొనే సన్నని మొలకలు అరిగిపోయి గోడ నున్నబడుతుంది. ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. గ్లూటెన్‌ను పూర్తిగా మానితే ఆ మొలకలు మళ్ళీ లేస్తవి. తిరిగి తింటే మళ్ళీ అరుగుతవి. దీనికి ఆహారమే మందు. భారతదేశములో పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము ఉత్తరాన నూటికి ఒకరికంటె కొంచెము ఎక్కువగాను, దక్షిణాన వెయ్యికి ఒకరి వంతునను ఈ వ్యాధి ఉన్నది. దక్షిణాన అరుదు గనుకనే ఇక్కడ దానిని అనుమానించేవారును అరుదు.

పట్నము నుండి తిరిగి వచ్చిన తల్లి చేతిలో ఉన్నది మళ్ళీ వద్దన్నవాటి పట్టికయే. మరి ఏమి పెట్టవలెను? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి వైద్యలోకానికి కూడ అరువదేండ్లకు పైగా పట్టినది.

లండనులో శామ్యూల్ గీ అనే వైద్యుడు 1888లో ఈ వ్యాధిని స్పష్టముగా వర్ణించినాడు. రోగము కుదరవలెనంటే ఆహారము వలననే కుదరవలెనని ఆయన గ్రహించినాడు. దారి సరియైనదే, అడుగు మాత్రము తప్పినది. ఆయన అన్నాన్ని నిషేధించి, పలుచగా కోసి రెండువైపులా కాల్చిన గోధుమరొట్టెను అనుమతించినాడు. ఔషధమును వద్దని విషమును విధించినట్లయినది. ఆయనయే చెప్పిన మరొక ముచ్చట ఉన్నది. ఒక పిల్లవానికి ప్రతిదినము హాలెండు దేశపు ఆలిచిప్పలు తినిపించగా వాడు చక్కగా కోలుకొన్నాడట. ఆలిచిప్పల కాలము అయిపోగానే రోగము తిరగబెట్టినది. మరుసటి ఏడు మళ్ళీ ఆలిచిప్పలు వచ్చినవి గాని, ఎంత బ్రతిమాలినా వాడు వాటిని నోట పెట్టలేదు. పసివాని పథ్యములోని అసలు చిక్కు ఆ నాడే ఆ పిల్లవాని రూపములో కనబడినది. గుణమిచ్చే ఆహారము దొరికితే చాలదు. దానిని ఇష్టముగా, ఏండ్ల తరబడి తినగలగవలెను.

తరువాత 1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యమును ప్రచారములోనికి తెచ్చినాడు. పిల్లలు కోలుకొన్నారు. ఆ మహిమ అరటిపండుదేనని లోకము నమ్మినది. ఆ పథ్యములో రొట్టె లేకపోవడమే మేలు చేసినదని అప్పుడెవరికీ తోచలేదు. అందువలన రోగము కుదిరినదని తలచి పిల్లలకు మళ్ళీ రొట్టె పెట్టినారు.

చిక్కుముడి విప్పినవాడు హాలెండులోని హేగ్ నగరములో పిల్లల ఆసుపత్రి వైద్యుడైన విలెమ్ కారెల్ డికె. గోధుమరొట్టె మానినప్పుడు పిల్లలు తేరుకొంటున్నారని ఆయన 1930 తరువాతి సంవత్సరాలలోనే గమనించి, 1941లో దానిని గూర్చి వ్రాసినాడు. ఇంతలో యుద్ధము వచ్చినది. 1944-45 చలికాలములో జర్మనుల దిగ్బంధము వలన హాలెండు పడమటి భాగములో ఘోరమైన కరువు ఏర్పడినది. రొట్టె కరువై జనము తులిపు పూల దుంపలు వండుకొని తిన్నారు. ఊరంతా చిక్కిపోతూ ఉండగా ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రము తేరుకొన్నారు. విమానాల నుండి జారవిడిచిన రొట్టె మళ్ళీ చేతికి అందగానే వారికి రోగము తిరగబెట్టినదని చెబుతారు. డికె తన పరిశీలనలను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసముగా సమర్పించినాడు. ఆయనయు, వైయర్స్, వాన్ డి కామర్ అనే సహచరులును కలసి గోధుమలోని మాంసకృత్తే దోషియని కొద్ది సంవత్సరాలలోనే నిర్ధారించినారు. ఏది మానవలెనో అప్పటికి తేలినది. ఏది తినవలెనన్నది మాత్రము ఏ దేశము వారు ఆ దేశములో వెదకుకొనవలసినదే.

రొట్టెయే బ్రతుకైన హాలెండు తల్లికి ఆ వెదకులాట కఠినము. బోథ్ తల్లికి అది పెరటిలోనే ఉన్నది. ఈ సీమకు గోధుమ పాత చుట్టము కాదు. 1940 తరువాతి సంవత్సరాలలో గోండుల నడుమ నివసించి వారి జీవితమును గ్రంథస్థము చేసిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ నాటికి ఇక్కడి ముఖ్యాహారము జొన్న. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి, తరువాత పత్తియు సోయాయు విస్తరించి జొన్నచేలు తగ్గినవి గాని, జొన్నరొట్టె రుచి నాలుకలను వదలలేదు. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు. అందుకనే దానిని గోధుమపిండివలె ముద్ద చేసి సాగదీయుట సాధ్యము కాదు. వేడినీళ్ళు పోసి కలిపి, అరచేతితో తట్టి పెంక మీద వేయవలసి ఉంటుంది. ప్రయోగశాలలో తేలిన సంగతి రొట్టె తట్టే అవ్వ అరచేతికి ఏనాడో తెలుసును. సీలియక్ రోగులకు జొన్న హాని చేయదని 2007లో ఇటలీ శాస్త్రజ్ఞులు పరీక్షించి ప్రకటించినారు. రోగి కోరినదీ పాలే, వైద్యుడు ఇచ్చినదీ పాలే అన్న సామెత ఇంత చక్కగా అతికే చోటు మరొకటి ఉండదు.

జొన్నరొట్టె, జొన్నగట్క, మక్కగట్క, తైదల అంబలి, కొర్రల అన్నము, బియ్యము, కందిపప్పు, పెసర్లు, పల్లీలు, నువ్వులు, గుడ్డు, ఆకుకూరలు: ఇవన్నియు ఆ పిల్లవానికి తినదగినవే. ప్రేగు పాడైన పిల్లలలో ఇనుము, సున్నము తరుగుతవి గనుక తైదలకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. నూరు గ్రాముల తైదలలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నమున్నట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తెలుపుతవి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. పండుగ పూటకు కూడ కొదువ లేదు. సంక్రాంతి సకినాలు బియ్యపు పిండివి. అరిసెలు, సర్వపిండి, మురుకులును అంతే. భక్ష్యాలు, గరిజెలు, బతుకమ్మకు చేసే గోధుమరొట్టెల మలీద మాత్రము వానికి దూరము. తెలివిగల తల్లి వాని కొరకు జొన్నరొట్టెతోనే బెల్లము, నెయ్యి కలిపి మలీద ముద్దలు చేస్తుంది. మరింత తెలివిగలది ఇంటిల్లిపాదికీ అవే చేస్తుంది.

అయితే గోధుమ వేషాలు మార్చగలదు. బొంబాయి రవ్వ గోధుమయేనని ఎరుగనివారు ఎందరో ఉన్నారు. సేమియా, మైదా, రస్కు, బిస్కత్తు గోధుమ బిడ్డలే. పొట్లాలలో దొరికే ఇంగువలో తరచు గోధుమపిండి కలిసి ఉంటుంది. జ్వరము వచ్చినప్పుడు ప్రేమతో పట్టే బార్లీ నీళ్ళలోను, మాల్టు కలిసిన పాలపొడులలోను గ్లూటెన్ ఉన్నది. అన్నింటికన్న మోసకారి పిండిగిర్ని. ఇప్పుడే గోధుమలు పట్టిన గిర్నిలో జొన్నలు పోస్తే దిగే పిండిలో గోధుమ కలియక తప్పదు. ఎక్కువ సుఖము మరిగి మూలన పడవేసిన ఇసుర్రాయి ఇటువంటి ఇంటిలో మళ్ళీ నట్టింటికి రావచ్చును. పెంక వేరుగా ఉండవలెను. పొడిపిండి డబ్బా వేరుగా ఉండవలెను. కొంచెము తింటే ఏమవుతుందన్న మాట ఇక్కడ చెల్లదు. దినానికి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా ప్రేగు పాడగునని 2007లో ఒక పరిశోధన చూపినది. ఒక్క గోధుమరొట్టె ముక్కలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంగడి పొట్లాలపై గ్లూటెన్ గల ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు మొదలైనవి ఉన్నచో తెలుపవలెనని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి నిబంధనలు చెబుతవి. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించనప్పుడే గ్లూటెన్ లేనిదని వ్రాయవచ్చును. ఆ సన్నని అక్షరాలు నాయనమ్మ చదువలేదు. బడికి పోయే అక్క చదువగలదు. ఇంటిలో ఒక చదువు ప్రాణరక్షకు పనికివచ్చే సందర్భమది.

ఇంత చెప్పిన పిమ్మట దీనికి ఎదురుమాట కూడ చెప్పవలెను. పిల్లవాని ఒంటికి ఏదో పడలేదని అనుమానము కలిగినంత మాత్రాన ఒక్కొక్క తిండి మాన్పించుకొంటూ పోవుట వ్యాధికన్న ప్రమాదకరము. పడకపోవుటలో భేదాలున్నవి. పాలలోని చక్కెర అరగని పిల్లలకు కొద్ది పెరుగు హాని చేయకపోవచ్చును. పాల మాంసకృత్తు సరిపడని పిల్లలకు చుక్క కూడ పడకపోవచ్చును; కాని వారిలో చాలమందికి బడి ఈడు వచ్చేసరికి ఆ గుణము పోతుంది. గుడ్డు పడనివారి సంగతియు ఇంచుమించు అంతే. సీలియక్ వ్యాధి మాత్రము జీవితాంతపు తోడు. అందుచేత ఏ రోగమో తేల్చవలసినవాడు వైద్యుడు. పరీక్షకు ముందే గోధుమ మాన్పిస్తే రక్తపరీక్షలోను, ప్రేగు పరీక్షలోను రోగము దాగిపోతుంది. తాత్కాలికమైన పథ్యమైతే దానిని ఎప్పుడు తిరిగి పరిశీలించవలెనో ఆనాడే అడిగి తెలుసుకొనవలెను. లేనిచో గడువు తీరిన పథ్యము శిక్షగా మిగిలిపోతుంది.

తీసివేసినదాని చోట ఏమీ పెట్టకపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణ సంపన్నమైన అమెరికా నుండియే ఉన్నది. చర్మవ్యాధి వలన పాలు పడవని భావించి రెండేండ్లు నిండని ఒక పిల్లవానికి పాలకు మారుగా బియ్యపు పానీయము పట్టినారు. మాంసకృత్తులు చాలక వానికి ఒళ్ళంతా నీరు పట్టి క్వాషియార్కర్ వ్యాధి వచ్చిన సంగతిని 2001లో అట్లాంటా వైద్యులు ప్రకటించినారు. కరువు దేశాల వ్యాధి కలిగిన వారి ఇంటిలో పుట్టినది. తల్లిదండ్రుల ప్రేమలో లోపము లేదు. లోపమంతా మాన్పించినదానికి సాటియైనది పెట్టకపోవుటలో ఉన్నది. పాలు మాన్పించినవాడు పప్పు, గుడ్డు, పల్లీ, తైద చూపవలెను. గోధుమ మాన్పించినవాడు జొన్న చూపవలెను. నెలనెలా బరువు, ఎత్తు చూచి వ్రాసే అంగన్‌వాడీ పట్టికలో పిల్లవాని గీత పైకి పోతున్నదా లేదా అన్నదే ఆ పథ్యానికి పరీక్ష.

ఇంటిలో నడిచిన పథ్యము బడి గడప దాటగానే మరొక పరీక్షకు నిలుస్తుంది. మధ్యాహ్న భోజనములో అన్నము, పప్పు, గుడ్డు ఉన్నంతవరకు చింత లేదు. చిక్కు తెచ్చేది తోటిపిల్లవాని పుట్టినరోజు. బిస్కత్తులు పంచుతూ వరుస వెంట వచ్చిన చేయి ఈ పిల్లవాని వద్ద ఆగి ముందుకు పోతుంది. "అందరికి పెట్టిన్రు, నాకెందుకు పెట్టలే?" అని సాయంత్రము వాడు తల్లిని అడిగితే, ఏ వైద్యగ్రంథములోను దానికి జవాబు దొరకదు. పంక్తిలో కూర్చున్నవానికి విస్తరి వేయకుండుట మన దేశములో అన్నిటికన్న పెద్ద అవమానము. ఆ అవమానము వారానికొకసారి జరిగితే వాడు చాటున బిస్కత్తు తింటాడు, లేదా బడి అంటేనే ముఖము చాటువేస్తాడు. గీ వైద్యుని ఆలిచిప్పల పిల్లవాడు నోరు మూసుకొన్నట్లు వీడు మనసు మూసుకొంటాడు.

ఇక్కడ ఉపాధ్యాయుడు చేయగల పని కొంచెమే. కాని దాని ఫలము చాల పెద్దది. ఆ పిల్లవాని పేరిట ఒక డబ్బాలో పల్లీపట్టీలో, నువ్వుల ఉండలో, మురుకులో ఎప్పుడును ఉంచవచ్చును. బిస్కత్తు పంచేటప్పుడు ఆ డబ్బా కూడ తెరువవచ్చును. ఒక్కొక్కనాడు తరగతి మొత్తానికి సకినాలే పంచవలెనని ముందే చెప్పవచ్చును. అప్పుడు వానికి వేరే పంక్తి ఉండదు. ఇతర పిల్లలకు దాచవలసిన సంగతియు ఏమీ లేదు. ప్రేగులోని మొలకలను గూర్చి, గోధుమపిండి సాగుటను గూర్చి, జొన్నపిండి సాగకుండుటను గూర్చి విజ్ఞానశాస్త్ర పాఠములోనే చెప్పవచ్చును. రెండు పిండి ముద్దలను నీటిలో కడిగి చూపితే, గోధుమ ముద్దలో జిగురువంటి పదార్థము చేతిలో మిగిలిపోవుటయు, జొన్న ముద్ద కరగిపోవుటయు పిల్లలందరు కంటితో చూడగలరు. తోటివానిని జాలితో చూచుటకు మారుగా వాని సంగతిని జ్ఞానముతో చూడనేర్చుకొంటారు.

పిల్లవానికి నేర్పవలసిన మాట ఒకటి ఉన్నది. "నేను తినరాదు" అనే వాక్యములో తప్పు చేసినవాని ధ్వని ఉన్నది. నిషేధము వాని మీద పడుతుంది. తెలుగు నుడికారము ఇంతకన్న దయగలది. "నాకిది పడదు" అన్నప్పుడు వాక్యానికి కర్త తిండి. పిల్లవాడు కేవలము చతుర్థీ విభక్తిలో పక్కకు నిలిచి ఉంటాడు. సరిపడకపోవుట ఆ వస్తువు లక్షణమే గాని వాని నేరము కాదు. బోథ్ పిల్లవాడు దానినే తన యాసలో "నాకిది పడది సార్" అంటాడు. పెండ్లిలోనైనను, జాతరలోనైనను, పరాయి ఊరిలోనైనను తలయెత్తి ఆ మాట చెప్పగలిగిననాడు వాని పథ్యము తల్లి చేతినుండి వాని చేతికి వచ్చినట్లు. జీవితాంతము నడువవలసిన పథ్యానికి అంతకన్న వేరే భద్రత లేదు.

ఆ మాట చెప్పే ధైర్యము వానికి వద్దన్నవాటి పట్టిక వలన రాదు. పొద్దున తైదల అంబలి త్రాగి, మధ్యాహ్నము అందరితో అన్నము తిని, రాత్రి నాయనమ్మ తట్టిన వేడి జొన్నరొట్టెను పప్పులో అద్దుకొని, ఎక్కడా తక్కువ పడకుండ పెరిగినవానికే అది వస్తుంది. బాలామృతము ఒక గరిటె ఎక్కువ పెట్టిన నాయనమ్మ చేయియు, ఇప్పుడు రొట్టె తడుతున్న చేయియు ఒకటే. ఆ చేతిలోని ప్రేమ నాడును కొరవడలేదు, నేడును కొరవడలేదు. అప్పుడు దానికి తెలియనిది తినదగినదేదో అన్న సంగతి ఒక్కటే.